చూపుల ఇంగ్లీషు: ఎవరు ఎవరిని ఎలా చూశారో సరిగ్గా చెప్పడం ఎలా?

"ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. ఒకాయన నన్ను అదోలా చూశాడని చెప్పాలంటే 'లుక్' దగ్గరే ఆగిపోతున్నాను. ఏం చేయాలి?" దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. దీనికి తిరగేసిన ప్రశ్న కూడా అంతే తరచుగా వస్తుంది. ఎక్కడో విన్న జాతీయం (ఇడియం) ఒకటి ఆఫీసులో వాడారు, అవతలి మనిషి నవ్వాపుకున్నాడు, లేదా మొహం ముడుచుకున్నాడు. తప్పెక్కడ జరిగింది?

రెండింటికీ జవాబు ఒక్కటే. చూపు మీద ఉన్న ఇంగ్లీషు జాతీయాల్లో కన్ను పేరుకే ఉంటుంది. చూసేవాడు ఎదుటి మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టాడన్నదే అసలు సంగతి. తనకన్నా కిందా, పైనా? నమ్మకమా, అనుమానమా, ఆశా? ఆ మెట్టు తేల్చుకోకుండా మాట వెతికితే ఎంత మంచి డిక్షనరీ అయినా తప్పుదారే పట్టిస్తుంది. అందుకని కింద చెప్పిన వరసలోనే వెళ్ళండి, మధ్యలో అంకెలు దాటేయకండి.

కావలసినవి

ఒక నోటుబుక్కు. ఫోన్‌లో ఒక లెర్నర్స్ డిక్షనరీ. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు, ఏదో ఒకటి చాలు. మామూలు ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు అర్థం చెప్తుంది గానీ, ఆ మాట ఎవరి దగ్గర అనకూడదో చెప్పదు. లెర్నర్స్ డిక్షనరీలో జాతీయం పక్కన 'ఇన్‌ఫార్మల్' (చనువున్నచోట అనే మాట), 'డిసప్రూవింగ్' (తప్పుపట్టే మాట), 'బ్రిటిష్' లాంటి ముద్రలు ఉంటాయి. చాలామంది చదవకుండా దాటేసేది సరిగ్గా వాటినే.

మాట్లాడి చూసుకోవడానికి ఒక మనిషి కూడా కావాలి. అన్నయ్యో, కాలేజీ స్నేహితురాలో. వాళ్ళకి మీకన్నా బాగా ఇంగ్లీషు రానక్కర్లేదు, వినే ఓపిక ఉంటే చాలు.

అనువాదం యాప్ ఈ పనికి వద్దు. వాక్యం మొత్తం ఇస్తే ఒక్కోసారి బాగానే చెప్తుంది, విడిమాట ఇస్తే మాత్రం గుడ్డిగా తిప్పేస్తుంది.

1. ముందు తెలుగులోనే ఆ చూపుకి పేరు పెట్టండి

మనకి చూపులకు కరువు లేదు. ఎగాదిగా చూస్తాం, తేరిపార చూస్తాం, కొరకొరా చూస్తాం, గుడ్లప్పగించి చూస్తాం, ఓరగా చూస్తాం, చిన్నచూపు చూస్తాం, చూసీచూడనట్టు పోతాం. ఇంగ్లీషు జోలికి పోయే ముందు వీటిలో ఏది జరిగిందో ఒక్క మాటలో రాయండి. రాశాక మూడు ప్రశ్నలు వేసుకోండి. చూపు ఎటు కదిలింది? ఎదుటివాళ్ళకి తెలిసేలా చూశారా, చాటుగా చూశారా? చూశాక చూసినవాళ్ళ మనసులో ఏం మిగిలింది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కుర్రాడు పండక్కి పర్లాకిమిడి వచ్చి, మేనత్త ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. మోకాలి దగ్గర చిరుగులున్న జీన్స్ వేసుకున్నాడు. అత్త చూపు చెప్పుల దగ్గర మొదలై, చిరుగు దగ్గర ఓ క్షణం ఆగి, జుట్టు దాకా వెళ్ళి, మళ్ళీ చిరుగు దగ్గరికే దిగింది. "ఏరా, కుట్టించుకోడానికి డబ్బుల్లేవా?" అంది.

ఇప్పుడు ప్రశ్నలు వేయండి. చూపు కిందనుంచి పైకి, మళ్ళీ కిందికి కదిలింది. దాపరికం లేదు, వాడికి తెలిసేలాగే చూసింది. మనసులో ఒక తీర్పు మిగిలింది, దాన్ని పైకి అనేసింది కూడా. ఇది 'షి లుక్డ్ హిమ్ అప్ అండ్ డౌన్'. మన 'ఎగాదిగా చూడటం' అచ్చంగా ఇదే. అదే కుర్రాడు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్తే, సెక్యూరిటీ మనిషి బ్యాడ్జీ, బూట్లు, చేతిలో సంచి గబగబా చూసి లోపలికి పొమ్మంటాడు. ఇది కూడా పైనుంచి కిందికి చూడటమే, కానీ తీర్పు చప్పున ముగిసింది, మనసులో ఏమీ మిగల్లేదు. దీనికి 'హి గేవ్ హిమ్ ద వన్స్-ఓవర్' సరిపోతుంది.

ఈ మొదటి మెట్టు తెలిసిన విషయమే కదా అని వదిలేస్తే ఆ తర్వాతవన్నీ వంకరగానే వస్తాయి.

2. చూపు ఏ గుంపులో పడుతుందో చూసి మాట ఎంచుకోండి

కొలిచే చూపు. 'లుక్ అప్ అండ్ డౌన్', 'వన్స్-ఓవర్' పైన చూశాం. మూడోది 'సైజ్ అప్'. గుణుపురం సంతలో బేరగాడు మీ చెప్పులు, వాచీ, చేతిలో సంచి చూసి, ఈయన ఎంత పెట్టగలడో లెక్కేసుకుని ధర చెప్తాడు చూడండి, అది 'ద సెల్లర్ సైజ్డ్ మి అప్ అండ్ నేమ్డ్ హిజ్ ప్రైస్'. దర్జీ టేపు పెట్టి కొలతలు తీసుకుంటే మాత్రం అది సైజ్ అప్ కాదు, 'టేక్ మెజర్‌మెంట్స్' అనాలి. ఈ తప్పు చాలా ఎక్కువ.

కాగితాలకైతే 'క్యాస్ట్ ఏన్ ఐ ఓవర్', అంటే పైపైన ఓసారి చూడటం, మర్యాదగా ఉంటుంది. దరఖాస్తు రాసి సీనియర్ చేతికిస్తూ 'కుడ్ యు క్యాస్ట్ ఏన్ ఐ ఓవర్ దిస్?' అనొచ్చు. ఒక్కో లైనూ తవ్వి చూడమని అడగాలంటే 'గో ఓవర్ ఇట్ విత్ ఎ ఫైన్-టూత్ కోంబ్'. అంటే పేల దువ్వెనతో దువ్వినట్టు. ఇది లెక్కలకి, ఫైళ్ళకి, సాక్ష్యాలకి వాడే మాట. మనిషి మొహం మీద వాడితే నవ్వులాటే.

'పాస్ మస్టర్' కూడా ఈ గుంపులోదే. ఉపాధి పనుల పుణ్యమా అని మస్టర్ (హాజరు పట్టీ) అంటే మన ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. సైన్యంలో సిపాయిలను వరసగా నిలబెట్టి, మనిషినీ ఆయుధాన్నీ తనిఖీ చేయడాన్ని మస్టర్ అనేవారు. ఆ తనిఖీలో నెగ్గడమే పాస్ మస్టర్. 'దిస్ జెరాక్స్ వోంట్ పాస్ మస్టర్' అంటే ఈ కాపీ అక్కడ చెల్లదు అని.

కోపం, చులకన. ఇక్కడ తీవ్రత చూసుకోవాలి. క్యూలో ముందుకి దూరినవాణ్ణి చూసే చూపు 'ఎ డర్టీ లుక్'. కళ్ళతోనే పొడిచేసేంత కోపమైతే 'లుక్ డాగర్స్ ఎట్'. నమ్మకం లేక ఓరగా, ఇదేంటన్నట్టు చూస్తే 'లుక్ అస్కాన్స్ ఎట్'. నలుగురూ ముక్కున వేలేసుకునే పని జరిగితే 'ఇట్ రెయిజ్డ్ ఎ ఫ్యూ ఐబ్రోస్'. ఈ చివరిదానిలో కనుబొమలు ఎగరేసినవాళ్ళ పేర్లు చెప్పక్కర్లేదు, జరిగిన పనే కర్త అవుతుంది. ఎవరినీ వేలెత్తి చూపకుండా విమర్శించాలంటే ఇంతకన్నా సుఖమైన మాట దొరకదు.

చిన్నచూపుకి రెండున్నాయి. 'లుక్ డౌన్ ఆన్' అంటే తక్కువగా చూడటం. 'లుక్ డౌన్ వన్స్ నోజ్ ఎట్' అంటే అదే చూపు, ముక్కు పైకెత్తి మరీ. ఒడియా మీడియంలో చదివినవాళ్ళని ఇంటర్వ్యూల్లో అలా చూసేవాళ్ళున్నారు, అందుకే ఈ మాట మనకి పనికొస్తుంది. గౌరవంగా తలెత్తి చూడటం 'లుక్ అప్ టు'. ఆ చివరి 'టు' రాలిపోయిందంటే అర్థమే మారిపోతుంది. 'ఐ లుక్ అప్ టు మై టీచర్' అంటే గౌరవం. 'ఐ విల్ లుక్ హిమ్ అప్' అంటే ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆయన్ని ఓసారి కలుస్తానని.

కాపలా చూపు. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగుదాం. రాయగడ స్టేషన్లో మంచినీళ్ళకి వెళ్తూ పక్కనున్న పెద్దాయనతో ఏమంటాం? "బాబూ, నా సంచి మీద ఓ కన్నేసి ఉంచండి." దీన్ని మాటకి మాట తిప్పితే 'పుట్ ఏన్ ఐ' అని వస్తుంది, అది తప్పు. 'కుడ్ యు కీప్ ఏన్ ఐ ఆన్ మై బ్యాగ్?' అనాలి. గుర్తుంచుకోవడానికి ఒడియా సాయం తీసుకోండి. 'నజర రఖిబా' అంటారు కదా, అందులోనూ ఉంచడమే ఉంది. తెలుగులో 'ఉంచు', ఒడియాలో 'రఖిబా', ఇంగ్లీషులో 'కీప్'. మూడూ ఒకే పని చేస్తున్నాయి.

'ఉంచు' తీసేస్తే ఏమవుతుందో తెలుగే చెప్తుంది. "వాడు ఆ స్థలం మీద కన్నేశాడు" అంటే కాపలా కాయడం కాదు, కాజేయాలనో కొనాలనో చూడటం. ఇంగ్లీషులో 'హి హాజ్ హిజ్ ఐ ఆన్ దట్ ప్లాట్'. ఇంకో సంగతి. మాస్టారు వెనక బెంచీ కుర్రాడితో 'ఐ హావ్ గాట్ మై ఐ ఆన్ యు' అంటే అందులో ఆశా లేదు, కాపలా లేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకో అని బెదిరింపు. ఒకే మాట వస్తువు మీద ఒకలా, మనిషి మొహాన మరోలా పలుకుతుంది. నోట్‌బుక్‌లో రెండూ పక్కపక్కనే రాసుకోండి.

డేగ కళ్ళతో చూడటానికి 'వాచ్ లైక్ ఎ హాక్' ఉంది. పోలిక రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి తప్పు పోయే పని లేదు. 'అండర్ ద మైక్రోస్కోప్' అంటే అడుగడుగూ పరీక్షిస్తున్నారని.

ఇక్కడొక హెచ్చరిక. మన ఇంగ్లీషు పేపర్లు 'అండర్ ద స్కానర్' అని తెగ రాస్తాయి. ఇది భారతీయ ఇంగ్లీషు. భువనేశ్వరంలోనో విశాఖలోనో అందరికీ అర్థమవుతుంది, తప్పేం కాదు. బయటి దేశం వాళ్ళకి మెయిల్ రాసేటప్పుడు మాత్రం 'అండర్ స్క్రూటినీ' అనండి. స్క్రూటినీ మనకి కొత్త మాటేం కాదు, పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్ల స్క్రూటినీ అని వింటూనే ఉంటాం.

ఇష్టంగా, ఆశగా చూడటం. 'చెక్ అవుట్', 'ఐ అప్', 'గివ్ సమ్‌వన్ ద ఐ', 'మేక్ ఐస్ ఎట్'. అర్థం తెలుసుకోండి, విన్నప్పుడు గుర్తుపట్టండి, మీరు మాత్రం వాడకండి. మనుషుల గురించి ఆఫీసులో ఏ సందర్భంలోనూ పనికిరావు. ముఖ్యంగా 'చెక్ అవుట్'. 'చెక్ అవుట్ దిస్ ఫోన్' అంటే ఈ ఫోన్ చూడు అని, హాయిగా అనొచ్చు. అదే మాట వెనక ఒక అమ్మాయి పేరు పెడితే సంగతి వేరే అయిపోతుంది.

చూడనట్టు ఉండటం. చూసీచూడనట్టు వదిలేయడం 'టర్న్ ఎ బ్లైండ్ ఐ టు'. దీని వెనక నౌకాదళాధికారి నెల్సన్ కథ చెప్తారు. 1794లో కోర్సికా దీవిలో జరిగిన యుద్ధంలో ఆయన కుడి కంటి చూపు పోయింది. 1801లో కోపెన్‌హేగన్ దగ్గర పోరులో వెనక్కి రమ్మని పై అధికారి జెండా సంకేతం ఇస్తే, దుర్భిణి ఆ చూపులేని కంటికే పెట్టుకుని నాకేం కనబడటం లేదన్నాడట. అయితే చూపు లేకపోవడాన్ని తప్పుకి ముడిపెట్టే ఈ మాటను ఇప్పుడు కొందరు ఇష్టపడరు. దాని బదులు 'లుక్ ద అదర్ వే' అనండి, అర్థం ఎక్కడికీ పోదు.

ఎదురుపడ్డా గుర్తుపట్టనట్టు పోతే 'హి లుక్డ్ స్ట్రెయిట్ త్రూ మి'. 'లుక్' బదులు 'సీ' పెడితే కథ తిరగబడుతుంది. 'ఐ కెన్ సీ త్రూ హిమ్' అంటే వాడి నాటకం నాకు తెలిసిపోయిందని. మొదటిదానిలో మనిషి లేనట్టే లెక్క, రెండోదానిలో మనిషి లోపలిదాకా కనబడిపోయాడు.

3. మాట కాదు, చట్రం మొత్తం రాసుకోండి

'వన్స్-ఓవర్ అంటే ఎగాదిగా చూడటం' అని రాసుకుంటే ఆ పేజీ దండగ. ఎవరు, ఎవరిని, ముందు 'ద' ఉందా, వెనక 'ఎట్' ఉందా 'ఆన్' ఉందా, అన్నీ కలిపి ఒక పూర్తి వాక్యం రాయండి, ఒక పక్క తెలుగు, రెండో పక్క ఇంగ్లీషు. ఈ జాతీయాల్లో ప్రాణం చిన్న మాటల్లోనే ఉంటుంది.

ఎంతగా అంటే, 'హి లుక్డ్ మి ఇన్ ద ఐ' అంటే తొణక్కుండా, తడబడకుండా, సూటిగా మొహం చూసి మాట్లాడాడని. 'హి లుక్డ్ ఇంటు మై ఐస్' అంటే ప్రేమగా కళ్ళలోకి చూశాడని. ఇంటర్వ్యూ ఎలా జరిగిందంటే రెండోది చెప్పిన అభ్యర్థి పరిస్థితి ఊహించుకోండి. మొదటిదానిలో 'ఐ' ఏకవచనం అన్నది గమనించారా? ఒంటికన్ను అని కాదు, జాతీయం అలాగే గడ్డకట్టుకుపోయింది.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. మన ఊళ్ళలో పెద్దవాళ్ళ ముందు తల కాస్త వంచి మాట్లాడటం మర్యాద. ఇంగ్లీషులో 'హి కుడ్ నాట్ లుక్ మి ఇన్ ద ఐ' అంటే ఏదో దాస్తున్నాడని, లేదా సిగ్గుపడే పని చేశాడని అర్థం. ఇంటర్వ్యూ గదిలో మీ మర్యాద అవతలివాళ్ళకి దొంగతనంలా కనబడొచ్చు. ప్రశ్న వినేటప్పుడూ, జవాబు మొదలుపెట్టేటప్పుడూ తలెత్తండి. మధ్యలో చూపు పక్కకి పోయినా ఎవరూ తప్పు పట్టరు.

4. మర్యాద పరీక్ష పెట్టండి

వాక్యం రాశాక, ఎవరి గురించి రాశారో ఆ మనిషి పక్కనే కూర్చుని వింటున్నట్టు అనుకోండి. అయినా అనగలరా? 'మై మేనేజర్ కీప్స్ ఏన్ ఐ ఆన్ ద అకౌంట్స్' అనగలరు, అది ఆయన పని. 'మై మేనేజర్ వాచెస్ అస్ లైక్ ఎ హాక్' అంటే ఫిర్యాదు. 'మై మేనేజర్ లుక్స్ డౌన్ హిజ్ నోజ్ ఎట్ అస్' అంటే మరుసటి రోజు వేరే ఉద్యోగం చూసుకోవాలి.

సందేహం ఉంటే జాతీయమే అక్కర్లేదు, ఒక్క క్రియ చాలు. అలా ఓ చూపు వేస్తే 'గ్లాన్స్'. గుడ్లప్పగించి చూస్తే 'స్టేర్'. కొరకొరా చూస్తే 'గ్లేర్'. కళ్ళు చిట్లించి, కనబడీ కనబడనిదాన్ని పోల్చుకోవడానికి చూస్తే 'పియర్'. ఎదుట మనిషి ఉంటే ఈ నాలుగింటి వెనకా 'ఎట్' పెట్టడం మర్చిపోకండి. నా ఉద్దేశంలో ఈ నాలుగు క్రియలూ తప్పులేకుండా వాడేవాళ్ళ ఇంగ్లీషు, నలభై జాతీయాలు కంఠస్థం చేసినవాళ్ళ ఇంగ్లీషు కన్నా వినడానికి బాగుంటుంది.

పాతబడ్డ సామెతల జోలికీ పోవద్దు. పిల్లి కూడా రాజుని చూడొచ్చు అనే అర్థంలో 'ఎ క్యాట్ మే లుక్ ఎట్ ఎ కింగ్' అని ఒకటుంది. 1546 నాటి ఇంగ్లీషు సామెతల సంకలనంలోనే ఉందంటే ఎంత పాతదో చూడండి. చదివి ఆనందించండి, గ్రూప్ డిస్కషన్లో మాత్రం వద్దు.

5. మీ ఊరి మనుషులతో వాక్యాలు కట్టండి

పుస్తకంలో ఉండే జాన్, మేరీ మీకు గుర్తుండరు. మీ వీధి వాళ్ళు గుర్తుంటారు. బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి జాతర తీసుకోండి. పులివేషం సందులోంచి రోడ్డు మీదికి వచ్చేసరికి 'ఆల్ ఐస్ వర్ ఆన్ ద టైగర్ డాన్సర్'. వేషం మొహంలో మీ చిన్ననాటి స్నేహితుణ్ణి ముందు గుర్తుపట్టలేదు, రెండడుగులు దాటాక ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశారు, అది 'ఐ డిడ్ ఎ డబుల్ టేక్'. రోడ్డు మీద ప్రమాదం జరిగితే బళ్ళు నెమ్మది చేసి మెడలు సాచి చూసేవాళ్ళని అమెరికావాళ్ళు 'రబ్బర్‌నెక్స్' అంటారు.

దుకాణం ముందు కట్టిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయల గురించి బయటివాళ్ళు అడుగుతారు. 'ఇట్ ఈజ్ టు వార్డ్ ఆఫ్ ది ఈవిల్ ఐ' అని చెప్పండి, దిష్టి తగలకుండా అని. కానీ 'షి గేవ్ మి ది ఈవిల్ ఐ' అంటే ఆవిడ నాకు దిష్టి పెట్టిందని ఇవాళ ఎవరూ అనుకోరు. గుర్రుగా చూసిందనే అనుకుంటారు. పిల్లకి దిష్టి తగిలిందని చెప్పాలనుకుని ఇది వాడితే పక్కింటి పిన్నిగారితో తగాదా అన్నట్టు వినబడుతుంది.

కట్టిన వాక్యాలు పైకి చదవండి, ఫోన్లో రికార్డు చేసి వినండి. భాష నోటి నుంచి చెవికి వెళ్ళాలన్నది మన ప్రాంతానికి కొత్త కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర అనే గిరిజన భాష నేర్చుకున్నది సవరల నోటి నుంచే. ఆ భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1931లో అచ్చయింది. పుస్తకం ఆ పనికి చివర్లో వచ్చింది, ముందు విన్నారు.

ఎక్కువగా జరిగే తప్పులు

'సీ ఐ టు ఐ' అంటే ఎదురెదురుగా గుడ్లురిమి చూసుకోవడం అనుకుంటారు. కాదు, ఒకే మాట మీద ఉండటం. ఎక్కువగా లేదనే అర్థంలోనే వస్తుంది: 'వి డోంట్ సీ ఐ టు ఐ ఆన్ దిస్', ఈ విషయంలో మాకు పొసగదు. ఢీ అంటే ఢీ అని నిలబడటానికి 'ఐబాల్ టు ఐబాల్' ఉంది. 1962లో క్యూబా క్షిపణుల గొడవప్పుడు అమెరికా విదేశాంగ మంత్రి డీన్ రస్క్, మనం కళ్ళకి కళ్ళు పెట్టి నిలబడ్డాం, అవతలివాడే ముందు రెప్ప వేసినట్టున్నాడు అనే అర్థంలో అన్న మాటతో దీనికి బాగా పేరొచ్చింది.

'ఓవర్‌లుక్'ని పర్యవేక్షించడం అనుకోవడం ఇంకా ప్రమాదం. 'ప్లీజ్ ఓవర్‌లుక్ మై వర్క్' అని పై అధికారికి రాస్తే, నా పనిని పట్టించుకోకండి అని మీరే కోరినట్టు. పర్యవేక్షణకి 'ఓవర్‌సీ'. కిటికీ చెరువు వైపు ఉంటే 'ద విండో ఓవర్‌లుక్స్ ద పాండ్', అది వేరే లెక్క. ఇక 'ఓవర్‌సైట్' ఉంది చూశారూ, అది రెండు వైపులా కాపురం చేస్తుంది. 'బై ఏన్ ఓవర్‌సైట్' అంటే పొరపాటున, 'అండర్ హర్ ఓవర్‌సైట్' అంటే ఆవిడ పర్యవేక్షణలో. ఉత్తరాల్లో ఆ మాట తప్పించుకుని 'మిస్టేక్', 'సూపర్‌విజన్' అని రాస్తే ఏ టెన్షనూ ఉండదు.

'షి గేవ్ మి ఐ' అని 'ద' మింగేయడం, 'హి లుక్డ్ మి' అని 'ఎట్' మింగేయడం మన నోటికి అలవాటు. "నన్ను చూశాడు"లో 'ను' ఉంది కదా, ఆ 'ను' పనే 'ఎట్' చేస్తుందనుకోండి, చాలావరకు సరిపోతుంది. 'లుక్ మి అప్ అండ్ డౌన్', 'లుక్ మి ఇన్ ద ఐ' మాత్రం 'ఎట్' లేకుండానే నడుస్తాయి. 'లుక్ ఎట్ మి అప్ అండ్ డౌన్' అంటే తప్పు.

వచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

ముందు డిక్షనరీతో సరిచూడండి. మీ వాక్యాన్ని అందులోని ఉదాహరణ వాక్యం కింద రాసి, చిన్న మాటలు ఒక్కొక్కటే పోల్చండి. 'ద', 'ఎట్', 'ఆన్', 'టు' అవే చోట ఉన్నాయా? పక్కన ముద్ర ఏముంది? 'డిసప్రూవింగ్' అని ఉంటే మీరు పొగుడుతున్న వాక్యంలో అది ఉండకూడదు.

తర్వాత మీ స్నేహితుడికి వాక్యం చెప్పి, అర్థం అడగకండి. ఆ చూపుని మొహంతో చేసి చూపించమనండి. మీరు 'లుక్డ్ అస్కాన్స్' అన్నప్పుడు అతను గుడ్లురిమితే, వాక్యంలో సందర్భం చాల్లేదన్నమాట. ఎందుకు అనుమానపడ్డారో తెలిసేలా ఇంకో వాక్యం ముందు చేర్చండి. అతను ఓరగా చూసి పెదవి విరిస్తే కుదిరినట్టే.

వారం తర్వాత నోటుబుక్కులో ఇంగ్లీషు వైపు చేత్తో మూసి, తెలుగు వైపు మాత్రమే చదువుతూ వాక్యాలు చెప్పండి. తడుముకోకుండా వచ్చినవాటికి టిక్కు పెట్టండి. రానివాటిని మళ్ళీ బట్టీ పట్టొద్దు. వాటిలో మీ ఊరి మనిషి లేడేమో, పుస్తకంలోంచి ఎత్తిన వాక్యమేమో చూడండి. చాలాసార్లు అదే కారణం. కొట్టేసి, మీకు తెలిసిన ఎవరినైనా అందులోకి తెచ్చి కొత్తగా రాయండి. ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు రోజు టిక్కు పడ్డవాటిని మాత్రమే తిరగేయండి, మిగతావాటి బదులు 'గ్లాన్స్', 'స్టేర్' ఉండనే ఉన్నాయి.